మూడో రాజీనామా

రెబెక్క మొదటిసారి రాజీనామా ఉత్తరం రాసింది 2019 ఆగస్టులో. అప్పటికి ఆమె ఎల్బీనగర్ చౌరస్తాకు దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పద్నాలుగేళ్లుగా స్టాఫ్ నర్సు. మూడో అంతస్తులో మగవాళ్ల మెడికల్ వార్డు ఆమెది. ఇరవై నాలుగు మంచాలు. కాగితం మీద షిఫ్టుకు నలుగురు నర్సులు. నిజానికి ఇద్దరు. ఎవరైనా సెలవు పెడితే ఒక్కరే.

దేవరకొండ దగ్గర ఒక పల్లె ఆమెది. తండ్రి కూలికి పోయేవాడు, ఆదివారాలు ఊరి చర్చిలో గంట కొట్టేవాడు. ఇంటర్ అయ్యాక పాస్టరుగారి మాట మీద మిషన్ ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లో చేరింది. చదువు ముగిసిన ఏడాదే యెహెజ్కేలుతో పెళ్లయింది. అతను గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో బత్తాయి వేలం పాడేవాడు. పొద్దునంతా గొంతు చించుకుని పాడి, ఇంటికొచ్చాక మనిషి ఉన్నాడో లేడో తెలియనంత నెమ్మదిగా ఉండేవాడు. సరూర్‌నగర్ చెరువుకు ఇవతల ఒక కాలనీలో రెండు గదులు కిరాయికి తీసుకుని కాపురం పెట్టారు. ఒక్కతే కూతురు, సాధన.

రెబెక్కకు ఆ పని అంటే ఇష్టం. ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఎవరికీ దొరకని నరాన్ని వేలితో తడిమి పట్టుకోవడం, మాట పడిపోయిన మనిషి ముఖం చూసి నొప్పి ఎక్కడో కనిపెట్టడం ఆమెకు అబ్బిన విద్య. కొత్తగా చేరిన నర్సులను డాక్టర్లు ఆమె వెనకాలే తిరగమనేవారు. కాని ఇష్టం ఒంటిని కాపాడదు. పన్నెండు గంటలు నిలబడీ నిలబడీ పిక్కల్లో నరాలు నీలంగా ఉబ్బి తాడు పేనినట్టయ్యాయి. కుడి చీలమండ దగ్గర చర్మం నల్లబడి, చిన్న పుండు పడి, మూడు నెలలు మానలేదు. బరువైన పేషెంట్లను పక్కకు తిప్పడంతో నడుము పట్టేసేది. ఇంట్లో కుక్కర్ కూత వేస్తే వార్డులో మానిటర్ మోగినట్టు ఉలిక్కిపడి లేచేది.

ఆ పుండుకు తానే కట్టు కట్టుకుంటూ ఒక మధ్యాహ్నం కూతురి నోటుపుస్తకంలోంచి కాగితం చింపి రాజీనామా రాసింది. నర్సింగ్ సూపరింటెండెంట్ సీతామహాలక్ష్మి దాన్ని చదివి, మడిచి, సొరుగులో పెట్టుకుంది. ఆమెది భీమవరం వైపు. ముప్ఫై ఏళ్లుగా హైదరాబాదులో ఉన్నా యాస మారలేదు.

"నువ్వెళ్లిపోతే ఆ వార్డు నేనెవరి చేతిలో పెట్టనమ్మా? దసరా దాకా ఆగు. ఇద్దరు కొత్త పిల్లలు వస్తున్నారు. వాళ్లకి నేర్పించి వెళ్దువుగాని."

"సరే మేడం" అంది రెబెక్క.

కొత్త పిల్లలు వచ్చారు, నేర్చుకున్నారు, ఒకరు కువైట్‌కు ఒకరు ఐర్లండ్‌కు వెళ్లిపోయారు. దసరా పోయి క్రిస్మస్ వచ్చింది. మార్చిలో కరోనా వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లు వదిలేయడం గురించి ఆమె ఆలోచించలేదు. ఆలోచిస్తే సిగ్గనిపించేది. ఇంటికొచ్చి బయటి నల్లా దగ్గరే స్నానం చేసి లోపలికి వెళ్లేది. సాధన తలుపు అవతల నిలబడి చదువు సంగతులు చెప్పేది. ఆ రోజుల్లో పడ్డ కష్టం గురించి రెబెక్క ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. "అప్పుడు మేం పనికొచ్చినం" అని మాత్రం అంటుంది.

2022 వేసవిలో వార్డుకు కొత్త బీపీ మిషన్ వచ్చింది. పనిచేస్తుందో లేదో చూద్దామని రెబెక్క తన చేతికే చుట్టుకుంది. నూట ఎనభై, నూట పది చూపించింది. మిషన్ చెడిపోయిందనుకుని పాతదానితో చూసుకుంది. అదీ అదే చెప్పింది. డ్యూటీ డాక్టర్ ఆమెను ఖాళీ మంచం మీద పడుకోమన్నాడు. పద్నాలుగో నంబరు పేషెంట్‌కు సెలైన్ అయిపోతోందని చెప్పి, అది మార్చి వచ్చాకే పడుకుంది.

రోజుకు రెండు మాత్రలు రాసిచ్చారు. యెహెజ్కేలు ఆ చీటీని చాలాసేపు చూశాడు. అప్పటికి పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారం నుంచి ఊరి బయటికి తరలిపోయింది. అతను రోజూ తెల్లవారుజామున లేచి అబ్దుల్లాపూర్‌మెట్ దారి పట్టేవాడు.

"దవాఖానల పనిచేసేటోళ్లకే బీపీ ఒస్తే ఎట్ల? ఇడిసిపెట్టు" అన్నాడు.

రెండో ఉత్తరం టైపు చేయించి ఇచ్చింది. ఈసారి ఎవరూ ఆపకముందే దిల్‌సుఖ్‌నగర్‌లో, మెట్రో స్టేషన్‌కు ఎదురుగా ఒక భవనంలో కొత్త పని చూసుకుంది. ఆరోగ్య బీమా కాగితాలు పరిశీలించే ఆఫీసు అది. ఏసీ గది, తిరిగే కుర్చీ, పదిన్నర నుంచి ఆరున్నర వరకు పని. సాధన తల్లికి రెండు కొత్త చుడీదార్లు కొనిపించింది. తెల్ల యూనిఫాం కాకుండా రంగు బట్టల్లో పనికి వెళ్లడం రెబెక్కకు మొదటిరోజు పండగలా ఉంది.

మూడోరోజు నుంచి ఊపిరాడలేదు. రోజంతా డిశ్చార్జి సమ్మరీలు చదవాలి. "ఎడమవైపు పక్షవాతం, వయసు అరవై రెండు" అని ఉంటుంది. ఆయన మింగగలుగుతున్నాడా, వీపు మీద పుండ్లు పడ్డాయా, ఇంట్లో ఎవరున్నారు, ఆ కాగితం చెప్పదు. అడుగుదామంటే మనిషి ఎదురుగా లేడు. పక్క సీటమ్మాయి తలనొప్పి అంటే లేచి వెళ్లి నాడి చూసేది. టీమ్ లీడర్ రెండుసార్లు మందలించాడు. పన్నెండోరోజు మధ్యాహ్నం ఆ ఆఫీసు మెట్లు దిగి, మెట్రో ఎక్కి, ఎల్బీనగర్‌లో దిగి, తిన్నగా సీతామహాలక్ష్మి గదికి వెళ్లింది.

సీతామహాలక్ష్మి డ్యూటీ చార్టు తీసి ఆమె పేరు రాసుకుంది. "రేపు మార్నింగ్ షిఫ్టుకి వచ్చెయ్" అంది.

ఇంట్లో ఆ మాట చెప్పినప్పుడు యెహెజ్కేలు కోప్పడలేదు. "వాళ్లు గుంజుకపోలే. నువ్వే పోయినవ్. అదొక్కటి యాదికి పెట్టుకో" అన్నాడు. ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. నిజం కాబట్టే గుచ్చుకుంది.

మళ్లీ అదే వార్డు. మరుసటి ఏడాది అక్కడికి ఎల్లయ్య అనే పెద్దాయన వచ్చాడు. సరూర్‌నగర్ పాత ఊరివాడు. ఒకప్పుడు చెరువు కింద పొలం చేసిన కుటుంబం. ఇప్పుడు ఆ పొలాల్లో అపార్ట్‌మెంట్లున్నాయి. పక్షవాతంతో కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. భార్య సత్తెమ్మ ఆయన మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఎవరొచ్చినా లేచి నిలబడేది. ఇంటికి తీసుకెళ్లాక ఏం చేయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. రెబెక్క రోజూ షిఫ్టు అయ్యాక ఒక ఇరవై నిమిషాలు ఆమెతో ఉండేది. ముక్కు గొట్టంలోంచి అన్నం నీళ్లు ఎట్ల పోయాలి, పోసేముందు తల ఎంత ఎత్తాలి, ఒక్కతే మనిషిని నడుము పట్టకుండా ఎట్ల తిప్పాలి, అన్నీ చేయించి చూపించింది.

"గింత పెద్ద మనిషిని నేనెట్ల తిప్పుత బిడ్డా?" అంది సత్తెమ్మ మొదటిరోజు.

"నువ్వు తిప్పకు పెద్దమ్మా. ఆయన మోకాలు మడువు, భుజం పట్టుకో, నీ దిక్కు వాలు. ఆయన బరువే ఆయన్ను తిప్పుతది."

వారం తర్వాత సత్తెమ్మ ఆయన్ని ఒక్కచేత్తో తిప్పేసి గర్వంగా చూసింది. డిశ్చార్జి అయ్యి వెళ్లిపోయారు. రోజుకు ఎందరో వస్తారు, పోతారు. రెబెక్క వాళ్లను మరిచిపోయింది.

ఆమె వార్డు వదిలేలా చేసింది తన జబ్బు కాదు. 2024 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం. రాత్రి షిఫ్టు అయ్యాక పొద్దున రావలసిన నర్సు రాలేదు, రెబెక్కే కొనసాగుతోంది. అప్పుడు వార్డులో సైదులు పేరుతో ఇద్దరున్నారు, ఇద్దరూ నల్లగొండ జిల్లావాళ్లే. తొమ్మిదో మంచం సైదులుకు చక్కెర జబ్బు, భోజనానికి ముందు ఇన్సులిన్. పదకొండో మంచం సైదులుకు జ్వరం, వేరే ఏమీ లేదు. మందు సిరంజిలోకి ఎక్కించుకుని ఆమె పదకొండో మంచం దగ్గర ఆగింది. అతని చొక్కా పైకెత్తి పొట్ట మీద దూదితో తుడిచింది. మంచం పక్కన అతని భార్య అండాలమ్మ సంత్రా వలుస్తోంది.

"ఏం సూది సిస్టర్?"

"షుగరుది."

"ఆయనకు షుగర్ లేదు గదా."

రెబెక్క చెయ్యి అక్కడే ఆగిపోయింది. అతని చేతికి కట్టిన పేరు పట్టీ చూసింది, పదకొండో మంచం. సిరంజి ట్రేలో పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, మంచం కమ్మీ పట్టుకుంది. పద్దెనిమిదిన్నరేళ్లలో పేరు, పట్టీ చూడకుండా ఆమె ఎవరికీ సూది వేయలేదు. ఆరోజు చూడలేదు. ఎందుకు చూడలేదో ఎంత గుర్తు చేసుకున్నా తెలియలేదు. ఆ రెండు మంచాల మధ్య నడిచిన దారి కూడా జ్ఞాపకం లేదు.

"నీకు పానం బాగలేదా సిస్టర్? కూసో జర" అంది అండాలమ్మ. తన స్టూలు జరిపి, వలిచిన సంత్రాలో సగం ఆమె చేతిలో పెట్టింది. రెబెక్క దాన్ని తిన్నది. ఆ తర్వాత తొమ్మిదో మంచం దగ్గరికి వెళ్లి, పట్టీ చూసి, పేరు అడిగి, కొత్త సిరంజితో ఇన్సులిన్ వేసింది. షిఫ్టు అయ్యాక జరిగిందంతా రిపోర్టు ఫారంలో రాసి సీతామహాలక్ష్మికి ఇచ్చింది.

"సూది పడలేదు కదమ్మా. ఎవరూ చూడలేదు. ఎందుకు రాస్తావ్?"

"అండాలమ్మ చూసింది మేడం. ఆమె సంత్రా వలుచుకుంట కూసుంది కాబట్టి ఆయన బతికిండు. లేకపోతే ఏమయ్యేది? నా ఒంటికి ఏమైనా నేను ఓర్చుకుంటున్న. గిది నేను ఓర్చుకోలేను."

మూడో రాజీనామా ఆ ఫారం వెనకే ఉంది. చేత్తోనే రాసింది, నాలుగు లైన్లు. సీతామహాలక్ష్మి ఈసారి సొరుగు తెరవలేదు. సంతకం పెట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"నాకు నలభై ఆరేళ్లప్పుడు నడుముకి ఆపరేషన్ అయింది. అందుకే ఈ కుర్చీలోకొచ్చాను. మొదటిసారి నిన్ను ఆపింది, రెండోసారి వెనక్కి తీసుకుంది వార్డు కోసం అనుకున్నావేమో. నీలాంటిది పక్కనుంటే నాకు ధైర్యం. అంతే. వెళ్లిరా, ఈసారి తిరిగి రావద్దు."

ఒక నెల నోటీసు పూర్తి చేసి రెబెక్క ఇంటికొచ్చింది. మొదటి పదిరోజులు నిద్రపోయింది. తినడానికి లేవడం, మళ్లీ పడుకోవడం. సాధన భయపడి తండ్రిని అడిగితే, "పండనీ. బాకీ ఉన్న నిద్ర" అన్నాడు. ఆ తర్వాత పొద్దున్నే చెరువు కట్ట మీద నడవడం మొదలుపెట్టింది. పిక్కలకు బిగుతు సాక్సులు వేసుకుని, మెల్లగా. రెండు నెలలకు బీపీ దిగింది, డాక్టర్ ఒక మాత్ర తగ్గించాడు. కుక్కర్ కూతకు ఉలికిపాటు ఇంకా ఉంది, కాని నిద్ర పట్టేది.

ఒళ్లు కుదుటపడుతున్నకొద్దీ చేతులు ఖాళీగా తోచేవి. ఎల్బీనగర్ వైపు మెట్రో వెళ్తుంటే అటే చూసేది. "మళ్ల పోతవా?" అని సాధన అడిగింది ఒకరోజు. పోనని చెప్పింది. పోకుండా ఏం చేయాలో చెప్పలేకపోయింది.

జూన్‌లో కూరగాయల బండి దగ్గర ఎవరో వెనకనుంచి భుజం పట్టుకున్నారు. సత్తెమ్మ.

"రెబెక్కమ్మా, నిన్ను ఎంత ఎతికిన తెలుసా? దవాఖానకు పోయి అడిగితే మానేసిందన్నరు. పా, మా ఇంటికి పా."

కూరగాయల సంచితోనే తీసుకెళ్లింది. పాత ఊళ్లో మూడంతస్తుల ఇల్లు. కింద వరండాలో మంచం మీద ఎల్లయ్య దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. ముక్కుకు గొట్టం లేదు. సత్తెమ్మ ఆయన్ని పక్కకు తిప్పి వీపు చూపించింది. ఏడాది దాటినా ఒక్క పుండు లేదు, చర్మం శుభ్రంగా ఉంది. ఎల్లయ్య ఎడమచెయ్యి ఎత్తి, ముక్కుతూ, "మే...డం" అన్నాడు. ఇంటికొచ్చాక నేర్చుకున్న ఆరేడు మాటల్లో అదొకటి.

రెబెక్క ఆయన వీపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. ఇన్నేళ్లలో తాను చూసిన పేషెంట్లు ఇంటికి వెళ్లాక ఎలా ఉన్నారో చూడటం అదే మొదటిసారి.

"మా ఎనక గల్లీల ఒక ముసలామె ఉంది. కోడలికి తిప్పరాక వీపంత పుండ్లే" అంది సత్తెమ్మ. "నేను చూపిస్తే నమ్ముతలేదు, నువ్వేమన్న నర్సువా అంటది. నాకు నేర్పినట్టు ఈ వాడకట్టోళ్లకు నేర్పరాదు? కింద గది ఖాళీగనే ఉంది."

రెబెక్క ఆలోచిస్తానంది. ఇంటికెళ్లి మొగుడితో చెప్పింది.

"వార్డు కాదు, షిఫ్టు కాదు. నేర్పుడు ఒక్కటే" అంది.

"కూసొని నేర్పుతవా, నిలబడా?" అని అడిగాడు యెహెజ్కేలు.

"కూసొనే."

"అయితే నేర్పు."

మొదటి బుధవారం నలుగురు వచ్చారు. వెనక గల్లీ కోడలు, తల్లిని చూసుకుంటున్న ఒక టైలరు, ఇద్దరు అక్కచెల్లెళ్లు. చూపించడానికి బొమ్మ లేదు. నర్సింగ్ స్కూళ్లలో మనిషంత రబ్బరు బొమ్మ ఉంటుంది, అలాంటిది ఎక్కడైనా దొరుకుతుందా అని రెబెక్క అడుగుతుంటే, వరండాలోంచి ఎల్లయ్య ఎడమచేత్తో మంచం కొట్టాడు. అందరూ అటు చూశారు. తన ఛాతీ మీద చూపుడువేలు పెట్టుకున్నాడు.

సత్తెమ్మ ముందు ఒప్పుకోలేదు. "ముక్కు మొకం తెల్వనోళ్లు నిన్ను పట్టుకుని తిప్పుతరు. సిగ్గులేదా?" అంది. ఆయన మళ్లీ మంచం కొట్టాడు. రెబెక్క ఆయన పక్కన కూర్చుని, "నొప్పి అయితే చెయ్యి లేపు బాపూ, ఆపేస్తం" అంది. ఆయన తలూపాడు.

ఆరోజు నలుగురూ ఒకరి తర్వాత ఒకరు ఆయన్ని తిప్పారు. ఆయన ఊరికే పడుకోలేదు. భుజం సరిగా పట్టుకోకపోతే "ఊఁ" అని ముఖం చిట్లించేవాడు. మోకాలు మడవడం మరిచిపోతే వేలితో చూపించేవాడు. టైలరు బాగా తిప్పినప్పుడు ఎడమచేత్తో అతని చేతిని తట్టాడు. అందరూ వెళ్లాక సత్తెమ్మ చెప్పింది, జబ్బు పడ్డాక ఆయన అంత ఉషారుగా ఉండటం చూడలేదని.

తర్వాత నడిచింది చాలావరకు మామూలు సంగతే. నలుగురు ఎనిమిదిమందయ్యారు. సీతామహాలక్ష్మి ఈ సంగతి విని, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లే పేషెంట్ల వాళ్లకు సరూర్‌నగర్ చిరునామా రాసివ్వడం మొదలుపెట్టింది. ఇళ్లకు కేర్‌టేకర్లను పంపే ఒక సంస్థవాళ్లు వచ్చి చూసి, తమ దగ్గర చేరే అమ్మాయిలకు వారానికి మూడురోజులు శిక్షణ ఇవ్వమని రెబెక్కను జీతానికి పెట్టుకున్నారు. ఆసుపత్రి జీతం కన్నా తక్కువే. బుధవారం మాత్రం ఆమె వాడకట్టుకే, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు. సాధన సెల్‌ఫోన్‌లో వీడియోలు తీసి వచ్చినవాళ్లకు పంపుతుంది.

కాళ్లలో నరాలు అలాగే ఉన్నాయి. డాక్టర్ ఆపరేషన్ అంటున్నాడు, వచ్చే వేసవిలో చేయించుకుంటానంటోంది. ఒక్కోసారి వార్డు గుర్తొస్తుంది. దొరకని నరం దొరికినప్పటి సంతోషం ఇక్కడ లేదు, ఆ మాట ఆమె దాచదు. కాని ఇప్పుడు తప్పు జరిగితే ఆపడానికి ఎనిమిది జతల కళ్లున్నాయి. తొందర లేదు. ఒకటికి మూడుసార్లు చేయించవచ్చు.

మొన్న బుధవారం దశరథ అనే బస్ కండక్టర్ వచ్చాడు. తల్లి తుంటి ఎముక విరిగి మంచం మీద ఉంది, ఇంట్లో వేరే ఆడవాళ్లు లేరు. తలస్నానం చేయించక నెల దాటిందని తలదించుకుని చెప్పాడు. రెబెక్క ఎల్లయ్య తల కింద ప్లాస్టిక్ కవరు పరిచింది. దాని అంచులు చుట్టి కాలువలా చేసి, కొసను కింద బకెట్‌లోకి వదిలింది. దశరథ చేతికి మగ్గు ఇచ్చింది.

"చెవుల పోకుంట నుదురు మీద చెయ్యి అడ్డం పెట్టు అన్నా. నీళ్లు ముందు నీ మణికట్టు మీద చూసుకో."

దశరథ పోశాడు. మొదట చెంచాతో పోసినట్టు, తర్వాత కాస్త ధైర్యంగా. షాంపూ రుద్దుతుంటే ఎల్లయ్య కళ్లు మూసుకున్నాడు. నురగ పోయేదాకా కడిగి, ఇక చాలు కదా అన్నట్టు దశరథ రెబెక్క వైపు చూశాడు.

ఎల్లయ్య కళ్లు తెరవకుండానే అన్నాడు, "ఇంక... జర."

ఆ రెండు మాటలూ ఆయన నోట కలిసి రావడం అదే మొదటిసారి. గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడ్డ సత్తెమ్మ నవ్వింది. రెబెక్క కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, "ఇంకో మగ్గు పొయ్యి అన్నా" అంది.